మరచిపోవలసినవారి రిజిస్టరు

రేగులగడ్డ శాఖా గ్రంథాలయంలో కౌంటర్ దగ్గర కూర్చునే అండాలుకు, ఒకసారి చూసిన మనిషిని మరచిపోవడం చేతకాదు. ఇరవై రెండేళ్ళపాటు అది ఆమె ఉద్యోగానికి అక్కరకొచ్చింది. ఆ తర్వాత ఒక ఏడాది మాత్రం క్రమశిక్షణా చర్య తీసుకోదగ్గ నేరమైంది. తప్పు ఆమెది కాదు. తప్పంతా వెబ్‌సైట్‌ది.

గ్రంథాలయ శాఖకు ఒక వెబ్‌సైట్ ఉంది. నెలకు పదిహేడు సార్లు దాన్ని ఎవరో ఒకరు తెరుస్తారు. అందులో పన్నెండు సార్లు తెరిచేది శాఖ డైరెక్టర్ డాక్టర్ చక్రధర్ గారే. మొదటి పేజీలో తన ఫోటో ఉందో ఊడిందో చూసుకోవాలి కదా. మిగిలిన అయిదు సార్లు ఎవరో పొరపాటున తెరుస్తారు. అలాంటి వెబ్‌సైట్‌కి కూడా పైనుంచి ఒక ఆదేశం వచ్చింది. వచ్చినవాళ్ళ కంప్యూటర్లలో కుకీలు పెట్టే ముందు వాళ్ళ సమ్మతి తీసుకోవాలట. కుకీ అంటే, ఫలానా మనిషి ఇంతకుముందు వచ్చాడు, ఫలానా పేజీ చూశాడు అని వెబ్‌సైట్ గుర్తుపెట్టుకోవడానికి వదిలిపెట్టే చిన్న చీటీ లాంటిది. ఆదేశం సబబైనదే. మన సంగతులు మనల్ని అడక్కుండా ఎవరో రాసిపెట్టుకుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

సరే, వెబ్‌సైట్ తెరవగానే మూడు మీటలు పెట్టారు. 'అన్నీ అంగీకరిస్తున్నాను' అన్నది అరచేయంత వెడల్పున, పచ్చగా, నొక్కమని పిలుస్తూ ఉంటుంది. 'అన్నీ తిరస్కరిస్తున్నాను' అన్నది బూడిదరంగులో, తల పక్కకు వంచి చూస్తే కనపడుతుంది. మూడోది 'నా ఎంపికలు'. అది నొక్కి లోపలికి వెళ్ళిన వాళ్ళు ఇంతవరకూ బయటికి రాలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ డైరెక్టర్ గారికి ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచన వచ్చిందని తెలిస్తే శాఖలో సగం మంది సెలవు చీటీలు రాసుకుంటారు. ఈసారి ఆ వ్యవధి కూడా ఇవ్వకుండా సర్క్యులర్ దిగింది. రేగులగడ్డ గ్రంథపాలకుడు విఠల్ రావు దాన్ని లేచి నిలబడి చదివాడు.

"పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, నెలకు పదిహేడుగురు సందర్శించు వెబ్‌సైటునందు గోప్యతను ఇంత కట్టుదిట్టముగా కాపాడుచుండగా, దినమునకు మూడువందలమంది సందర్శించు గ్రంథాలయములందు పాఠకుల ముఖములు, పేర్లు, అభిరుచులు ఎట్టి సమ్మతియు లేకుండ సిబ్బంది తలలయందు నిల్వ చేయబడుచున్నవని గమనించడమైనది. ఉద్యోగి తల కూడ కార్యాలయమందలి ఒక నిల్వ పరికరమే. కావున ఇకపై పాఠకుని లిఖితపూర్వక సమ్మతి లేనిదే అతనిని గుర్తుంచుకొనరాదు."

"అంటే నా తలకాయ గవర్నమెంటుదా సార్?" అని అడిగింది అండాలు.

"డ్యూటీ టైంల గవర్నమెంటుదే. అయిదు దాటినంక నీ ఇష్టం" అన్నాడు విఠల్ రావు.

వారం తిరక్కుండానే గేటు దగ్గర బల్ల వేసి, వాచ్‌మన్ సైదులును కూర్చోబెట్టి, వెబ్‌సైట్‌లో ఉన్న మూడు మీటలనూ అచ్చంగా చెక్కతో చేయించి గోడకు బిగించారు. బూడిదరంగు మీటను అక్కడ కూడా కింద, చెప్పుల స్టాండు వెనకాల పెట్టారు. జ్ఞాపకాలను నాలుగు రకాలుగా విభజించారు. వచ్చినవాడు మనిషేనని, తలుపులోంచే వచ్చాడని గుర్తించడం అత్యవసర జ్ఞాపకం. దానికి సమ్మతి అక్కర్లేదు. ఏ పేపరు చదువుతాడు, చదువుతూ ఎంతసేపు కునుకు తీస్తాడు అన్నది విశ్లేషణా జ్ఞాపకం. "ఈ పుస్తకం కొత్తగా వచ్చింది, మీకు నచ్చుతుంది" అనడం ప్రచార జ్ఞాపకం. "మా మామ లోపల ఉన్నడా?" అని ఎదురు హోటలాయన అడిగితే ఉన్నాడని చెప్పడం మూడో పక్షానికి సమాచారం అందజేయడం. ఈ నాలుగోది అన్నిటికంటే ఘోరమైనది.

ప్రారంభోత్సవానికి డైరెక్టర్ గారే వచ్చారు. రిబ్బను కత్తిరించి, విలేకరుల వైపు తిరిగి, "పౌరుడు నిర్భయముగా తిరస్కరించవచ్చునని నిరూపించుటకై మొట్టమొదట నేనే తిరస్కరించుచున్నాను" అని ప్రకటించి, చెప్పుల స్టాండు పక్కకు వంగి బూడిదరంగు మీట నొక్కారు. చప్పట్లు మోగాయి. అప్పుడు సైదులు తల గోక్కుంటూ ఒక ప్రశ్న వేశాడు.

"సార్, యాదికుంచుకోవద్దన్నోళ్ళు ఎవలెవలో మాకెట్ల యాదుంటది?"

డైరెక్టర్ గారు అర నిమిషం ఆలోచించారు. ఆ అర నిమిషంలో 'మరచిపోవలసినవారి రిజిస్టరు' పుట్టింది. తిరస్కరించిన ప్రతి ఒక్కరి పేరు, తండ్రి పేరు, చిరునామా, పుట్టుమచ్చలు, రెండు ఫోటోలు, ఎడమచేతి బొటనవేలి ముద్ర అందులో ఎక్కించాలి. సిబ్బంది రోజూ పొద్దున పదిహేను నిమిషాలు దాన్ని శ్రద్ధగా చదివి, ఎవరెవరిని మరచిపోవాలో కంఠస్థం చేసుకోవాలి. నకళ్ళు శాఖలోని అన్ని ఆఫీసులకూ పంపాలి, లేకపోతే ఒక చోట మరచిన మనిషిని ఇంకో చోట గుర్తుపట్టే ప్రమాదం ఉంది. క్రమసంఖ్య ఒకటిగా డైరెక్టర్ గారి ఫోటోనే అంటించారు. ఫోటోలో ఆయన చాలా బాగా వచ్చారు.

ఇక మొదలైంది తమాషా. కుకీల నియమం ప్రకారం, మనిషి గేటు దాటితే ఒక సందర్శన ముగిసినట్టు. రేగులగడ్డలో మరుగుదొడ్డి గేటు అవతల ఉంది. లోపల చదువుకుంటున్న మనిషి ఒంటేలుకు వెళ్ళి వస్తే మళ్ళీ కొత్త సందర్శకుడు. మళ్ళీ వరస, మళ్ళీ ఫారం. మధుమేహం ఉన్న రిటైర్డ్ మాస్టారు ఒకాయన ఒక్కరోజులో తొమ్మిది సార్లు సమ్మతించాడు. 'నా ఎంపికలు' ఫారం పదకొండు పేజీలు. మామూలు జనం దాని జోలికి వెళ్ళరుగానీ, ఇది గ్రంథాలయమాయె, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఆ పదకొండు పేజీలనూ పదిరోజులు చదివి, కింద గీతలు గీసి, రాగల ప్రశ్నలు రాసుకుని, ఒకరికొకరు అప్పజెప్పుకున్నారు. ఎంపిక మాత్రం ఒక్కరూ చేసుకోలేదు.

అండాలుకు ఇదంతా నవ్వులాటగానే ఉండేది, పోశెట్టి సంగతి లేకపోతే.

పోశెట్టి బస్సు డ్రైవర్‌గా చేసి రిటైరైన ముసలాయన. తెల్లటి లాల్చీ, చెవుల మీద వెంట్రుకలు, ఊరందరితో వరసలు. రెండేళ్ళ నుంచి ఆయనకు మతిమరుపు ముదిరింది. రోజూ పదింటికి వచ్చి, ఆరువందల పేజీల ఒక పాత డిటెక్టివ్ నవల తీసుకుని, "బిడ్డా, నేను ఏడిదాంక చదివిన?" అని అడుగుతాడు. అండాలు పేజీ చెప్తుంది. ఒంటిగంటకు ఆమే లేపి, "తాతా, ఇంటికి పో. గేటు దాటినంక ఎడమకు మలుగు, నీలం రంగు వాకిలి" అని చెప్పి పంపుతుంది. బడిలో పనిచేసే ఆయన కోడలు ఆ ఒక్క మాట మీదే ధైర్యంగా ఉద్యోగానికి పోతోంది. "మీరున్నరని నిమ్మళం అక్కా" అని ఒకసారి అండాలు చేతులు పట్టుకుంది కూడా.

అలాంటి పోశెట్టిని సైదులు గేటు దగ్గర ఆపి అడిగాడు. "తాతా, లోపలోళ్ళు నిన్ను యాదికుంచుకోవాల్నా, వద్దా?"

పోశెట్టి నొచ్చుకున్నాడు. "నా కోసం ఎవలూ తక్లీబ్ పడొద్దు బిడ్డా" అని, మర్యాదకు, చెప్పుల స్టాండు పక్కకు జరిపి మరీ బూడిదరంగు మీట నొక్కాడు. తాను నొక్కిన సంగతి మెట్లెక్కేలోగా మరచిపోయాడు. రిజిస్టరులో క్రమసంఖ్య నలభై ఆరు.

ఆ రోజు కౌంటర్ దగ్గరికొచ్చి, "బిడ్డా, నేను ఏడిదాంక చదివిన?" అన్నాడు. అండాలు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి పేజీ చెప్పింది. వెనకాల విఠల్ రావు నిలబడి ఉన్నాడు. మొదటి మెమో వచ్చింది.

మెమోలు ఊరికే ఇస్తే బాగుండదని శాఖ వాళ్ళు శిక్షణ కూడా ఇచ్చారు. పేరు 'విస్మరణ నైపుణ్య వికాస కార్యక్రమం', రెండు రోజులు, మధ్యాహ్నం పులిహోరతో సహా. పట్నం నుంచి వచ్చిన శిక్షకుడు కళ్ళు మూసుకోమని, తలను ఖాళీ బీరువాలా ఊహించుకోమని చెప్పాడు. రెండో రోజు పరీక్ష. నిన్న ఏం చెప్పారో రాయమన్నారు. రాసినవాళ్ళంతా తప్పారు. తర్వాత పదిమంది పాఠకులను ఎదురుగా నడిపించి, ఎవరెవరో రాయమన్నారు. విఠల్ రావు తెల్ల కాగితం ఇచ్చి వందకు వంద తెచ్చుకున్నాడు. ఆయన కష్టపడిందేం లేదు, పంతొమ్మిదేళ్ళుగా ఒక్క పాఠకుడి మొహమూ ఆయన చూసి ఎరగడు. ఉత్తమ విస్మర్తగా శాలువా కప్పారు. అండాలు పదిమంది పేర్లూ రాసి, ఎవరికి కంటి ఆపరేషన్ అయింది, ఎవరి బిడ్డకు ఉద్యోగం వచ్చింది అన్నది కూడా పక్కన రాసేసరికి ఆమె మార్కులు సున్నా కిందికి పోయాయి. రెండో మెమో వచ్చింది.

మూడోసారి తప్పితే బదిలీ. ఎక్కడికంటే, పాత పుస్తకాలు మూటలు కట్టి పడేసే గోదాముకు. ఊరికి డెబ్బై కిలోమీటర్ల దూరం. అక్కడికి పాఠకుడన్నవాడు రాడు కాబట్టి అండాలు తల వల్ల ఎవరికీ హాని ఉండదట. దూరానికి ఆమె భయపడలేదు. ఒంటిగంటకు పోశెట్టిని ఎవరు లేపుతారు, గేటు దాటాక ఆయన కుడికి మలిగితే ఎట్లా అన్నదే ఆమెకు దిగులు. కుడికి మలిగితే పెద్ద రోడ్డు, లారీలు. ఆ వారం ఆమెకు అన్నం సయించలేదు. మరచిపోవడం నేర్చుకోవాలని నిజంగానే ప్రయత్నించింది. బల్ల మీద రిజిస్టరు పెట్టుకుని నలభై ఆరో ఫోటో చూస్తూ కూర్చుంటే ఆయన నవల పేజీ నంబరు ఇంకా గట్టిగా గుర్తొచ్చేది.

మూడో పరీక్ష పెట్టడానికి డైరెక్టర్ గారే స్వయంగా దిగారు. కౌంటర్ ఎదురుగా కుర్చీ వేసుకుని, ఒళ్ళో మార్కుల కాగితం, చేతిలో పెన్ను పట్టుకుని కూర్చున్నారు.

"నేను ఉన్నానని అనుకోకండి. మామూలుగా పని చేసుకోండి. ఆచరణలో విస్మరణను అంచనా వేయుటే నేటి ఉద్దేశం" అన్నారు.

పదయింది. తెల్ల లాల్చీ మెట్లెక్కి లోపలికి వచ్చింది.

"బిడ్డా, నేను ఏడిదాంక చదివిన?"

హాల్లో పేపర్లు తిప్పే చప్పుడు ఆగిపోయింది. డైరెక్టర్ గారి పెన్ను కాగితం మీద ఆనింది. అండాలు పోశెట్టి మొహం చూసింది. ఆయన తెల్లబోయి, పుస్తకం రెండు చేతులా పట్టుకుని, తాను ఏదైనా తప్పు అడిగానా అన్నట్టు నిలబడ్డాడు. అండాలు తల దించుకుంటే ఎదురుగా రిజిస్టరు తెరిచి ఉంది, మొదటి పేజీ దగ్గర. క్రమసంఖ్య ఒకటి. చాలా బాగా వచ్చిన ఫోటో.

ఆమె తలెత్తి డైరెక్టర్ గారి వైపు తిరిగింది. "ఎవలు సార్ మీరు?"

"ఏమిటి?"

"పరీక్ష పెడ్తా అంటున్నరు. పరీక్ష డైరెక్టర్ గారు పెట్టాలె. మీరు డైరెక్టర్ గారని నేను గుర్తుపట్టొద్దు. ఒకటో నంబరు మీద మీరే వద్దన్నరు."

డైరెక్టర్ గారు నవ్వారు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశారు. "విఠల్ రావు!" అని కేకేశారు.

విఠల్ రావు గదిలోంచి వచ్చి, ఎగాదిగా చూసి, శాలువా పుచ్చుకున్న మనిషికి తగ్గ నిష్ఠతో, "కొత్తగా వచ్చిండ్రా? ఫారం గేటు దగ్గర ఉంటది" అని వెళ్ళిపోయాడు. పాపం, అతను నటించలేదు.

డైరెక్టర్ గారు జేబులోంచి గుర్తింపు కార్డు తీసి చూపించారు. సైదులు వచ్చి కార్డు చదివి, సెల్యూట్ కొట్టాడు. కార్డు జేబులో పెట్టుకోగానే, "ఎవలు సార్ మీరు?" అన్నాడు. కార్డు చూసినంతసేపే సందర్శన, అది జేబులోకి పోతే చూసింది మరచిపోవాలి. డైరెక్టర్ గారు మళ్ళీ తీశారు. మళ్ళీ సెల్యూట్. ఇలా నాలుగు సెల్యూట్లయ్యాక ఆయన కార్డును తలకు పైగా ఎత్తి పట్టుకుని బయటికి నడిచారు, చెయ్యి నొప్పెట్టేదాకా. కారు దగ్గర డ్రైవర్ తలుపు తీయలేదు. "ఇది డైరెక్టర్ గారి బండండీ. ఎవరినిపడితే వారిని ఎక్కిస్తే ఆయన ఊరుకోరు" అన్నాడు.

హెడ్డాఫీసుకు ఫోన్ చేశారు. "మీ గొంతు మా డైరెక్టర్ గారి గొంతు లాగే ఉందండీ. కానీ ఆ పోలికను మేం వినియోగించుకోరాదు" అని ఆయన పీఏ ఎంతో వినయంగా పెట్టేశాడు.

"సరే, నా ఎంపిక మార్చుకుంటాను. ఫారం ఇవ్వండి" అంటూ డైరెక్టర్ గారు తిరిగి లోపలికి వచ్చారు. అండాలు ఫారం ఇచ్చింది. చివరి పేజీలో, ఆయనే పెట్టించిన నిబంధన ఒకటి ఉంది. తిరస్కరించినవారు మనసు మార్చుకుంటే, ఈ శాఖకు చెందిన గెజిటెడ్ అధికారి ఒకరు 'ఈ వ్యక్తిని పది సంవత్సరములుగా నేను వ్యక్తిగతముగా ఎరుగుదును' అని సంతకం చేసి ముద్ర వేయాలి. ఈయన కాక శాఖలో గెజిటెడ్ అధికారులు పద్నాలుగు మంది. పద్నాలుగురూ విస్మరణ పరీక్షలో వందకు వంద. పదిహేనో అధికారి ఈయనే. తనను తాను ఎరుగుదునని తాను రాసుకోవడం చెల్లదని ఆ కిందే ఉంది.

అప్పుడు డైరెక్టర్ గారు, ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఎక్కడ అన్నా పని జరిగిపోయిన ఆ ఒక్క మాటా అన్నారు. "నేనెవరో తెలుసా?"

"నేనెవరో తెలుసా?" అని రెండోసారి అడిగి బల్ల చరిచారు. పోటీ పరీక్షల పిల్లలు తలలెత్తి చూసి, ఇది ఫారంలో ఏ పేజీ కిందికి వస్తుందో గుసగుసలాడుకున్నారు. మూడోసారి అరిచారు. నాలుగోసారికి గొంతు జీరబోయింది. అయిదోసారి ఆయన కుర్చీలో కూలబడి, ఎవరినీ చూడకుండా, నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అన్నారు. "నేనెవరో తెలుసా?"

పోశెట్టి ఇంతసేపూ పుస్తకం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. మెల్లగా వచ్చి ఆయన పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేశాడు.

"పరేషాన్ గాకు బిడ్డా. నాకు గూడ గిట్లనే అయితది. ఒక్కోపారి పొద్దుగాల లేస్తె నేనెవలో నాకే యాదికి రాదు. మస్తు భయమైతది." కౌంటర్ వైపు చూపించాడు. "గా అండాలును అడుగు. ఆమెకు ఎరికుంటది. నాకు రోజు ఆమెనే చెప్తది."

డైరెక్టర్ గారు తల తిప్పి అండాలు వైపు చూశారు. ఏం అడగలేదు. అడిగే మొహం మాత్రం పెట్టారు, పోశెట్టి రోజూ పదింటికి పెట్టే మొహమే.

చెప్తే పరీక్ష తప్పినట్టు. అండాలుకు గోదాము కళ్ళ ముందు కనపడింది, మూటలు, దుమ్ము, డెబ్బై కిలోమీటర్లు. కానీ ఎదురుగా ఒక మనిషి తానెవరో తెలియక కూర్చుంటే, తెలిసి కూడా చెప్పకపోవడం ఆమెవల్ల కాలేదు. అంత కోపంలోనూ ఆయన మీద జాలేసింది.

"మీరు చక్రధర్ సార్" అంది. "మా డైరెక్టర్ గారు. మొన్న రిబ్బన్ కత్తిరించినప్పుడు మీకు దగ్గు ఉండె. మిరియాల పాలు తాగుండ్రి అని చెప్దామనుకున్న. మీరు ఒకటో నంబర్ల వద్దన్నరని ఊకున్న."

డైరెక్టర్ గారు, ఇందాక లేచినప్పుడు ఒళ్ళోంచి జారిపోయిన మార్కుల కాగితం వంగి తీసుకున్నారు. నిబంధన నిబంధనే కాబట్టి అండాలుకు సున్నా వేశారు. దాని కింద ఆఫీసు భాషలో రాస్తూ, రాసినంత మేరా పైకి చదివారు.

"అభ్యర్థిని విస్మరణకు పూర్తిగా అనర్హురాలు. ఇట్టివారిని బదిలీ చేసినచో ఎక్కడికి వెళ్ళినను గుర్తుంచుకొనుచునే యుందురు. కావున కౌంటరునందే శాశ్వతముగా ఉంచవలెను."

సంతకం చేశారు. సంతకం కింద పేరు, హోదా రాయాలి. పెన్ను ఆగింది. ఆయన తలెత్తి అండాలు వైపు చూశారు. ఆమె మళ్ళీ చెప్పింది.